తువ్వాలు కింద తొమ్మిది

గేటు దగ్గర టిక్కెట్లు చింపుతున్నది మా నూకరాజు బావ. ఒంటి మీద ఖాకీ చొక్కా ఉంది గానీ భుజాన ఉన్న తువ్వాలు మాత్రం సంతకు వచ్చేటప్పటిదే, ఎర్రగళ్ళది, ఒక కొస కొరికి కొరికి పోగులు లేచిపోయినది. ఐదేళ్ళ కిందట పోయిన మనిషి ఇక్కడెందుకున్నాడని నాకు అనిపించడం లేదు, ఇన్నాళ్ళూ ఊళ్ళోనే ఉండి ఒక్కసారి ఇంటికి రాలేదేమని మాత్రం కొంచెం కోపంగా ఉంది. నా చేతిలో యశ్మిత చెయ్యి ఉంది. బావకు మనవరాలు, వాళ్ళమ్మాయి భవాని కూతురు. వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి మా ఇంటికి వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్ల. మేము ఎక్కడికి వచ్చామో పైన బోర్డు మీద రాసి ఉంది, చదువుతుంటే ఆ అక్షరాలు ఒకసారి బీచి పార్కు అవుతున్నాయి, ఒకసారి లైట్ హౌస్ అవుతున్నాయి, ఈ వారం రోజులుగా నేను పిల్లను తిప్పిన చోట్లన్నీ ఒకే గేటు వెనక సర్దుకున్నట్టు, లోపలి నుంచి పిల్లల కేకలు, చిన్నరైలు కూత, వాటి అడుగున ఎక్కడో గేదెల అరుపులు వినిపిస్తున్నాయి.

"ఇద్దరికా?" అంటాడు బావ తల ఎత్తకుండా.

"పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. బావా, నేను అబ్బుల్ని."

"నిన్ను గుర్తుపట్టడానికి తల ఎత్తాలేంట్రా. నీ చెప్పుల చప్పుడు ముప్పై ఏళ్ళు విన్నాను. కుడికాలు ఈడుస్తావు. నిన్ను సంతకి తోలుకెళ్తే ఎవడూ కొనడు."

యశ్మిత నవ్వుతుంది. "తాతయ్యా, ఎవరీయన?"

"మీ అమ్మ వాళ్ళ నాన్న."

"ఫోటోలో మీసాలు లేవుగా?"

"అక్కడ తెల్లమీసం చూస్తే వయసు అడిగేవారమ్మా, అవి కనపడకుండా గొరిగేసుకునేవాణ్ణి. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు, పెంచేశాను," అంటాడు బావ. నవ్వడానికే అన్నాడు గానీ అక్కడంటే ఏది, ఇక్కడంటే ఏది అని లెక్క చూసుకునేసరికి నాకు నవ్వు రావడం లేదు.

బావ పిల్ల ముఖం చూడడం లేదు. ముందు కాళ్ళు చూస్తున్నాడు, తరువాత పక్కటెముకలు, తరువాత మెడ కింద గుంట, ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుంట ఎంత లోపలికి పోతోందో తల పక్కకు వంచి చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఎందుకంటే అది నా చూపు కూడా. మాది గేదెల బేరం. ముప్పై ఏళ్ళు బావా నేనూ కలిసి శనివారం సంతలో నిలబడ్డాము, ఆయన కాళ్ళూ పొదుగూ చూసేవాడు, నేను దమ్ము చూసేవాణ్ణి, ఏ గొడ్డు వారంలో కూలబడుతుందో దాని డొక్కల కదలిక చూసి చెప్పేవాణ్ణి. సంతంతా నా మాటకు విలువ ఇచ్చేది.

"రండి," అని బావ గేటు వదిలేసి మాకు ముందు నడుస్తాడు. లోపల ఇసుక ఉంది, ఇసుకలో పట్టాలున్నాయి, పట్టాల మీద పిల్లల చిన్నరైలు తిరుగుతోంది, అందులో పిల్లలెవరూ లేరు, పెట్టెకొక దూడను ఎక్కించారు, దూడలన్నీ బుద్ధిగా కిటికీల్లోంచి మా వైపు చూస్తున్నాయి. యశ్మిత వాటికి చెయ్యి ఊపుతుంది. మొన్న నిజంగా ఈ రైలు ఎక్కినప్పుడు రెండోసారి ఎక్కుతానని గొడవ చెయ్యలేదు ఈ పిల్ల, దిగగానే బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది, ఎండ కదా అనుకున్నాను. అదే మాట ఇప్పుడు పైకి అంటాను, బావ ఏమీ అడగకుండానే.

"ఎండ, బావా. ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువ."

"ఇక్కడ ఎండేదిరా?" అంటాడు. తల ఎత్తి చూస్తే నిజంగానే లేదు. మబ్బు కూడా కాదు, సున్నం కొట్టిన కప్పు లాంటిదేదో చాలా కిందికి దిగి ఉంది.

పట్టాలు పోయి పోయి మెట్లయ్యాయి. లైట్ హౌస్ మెట్లు, గుండ్రంగా తిరుగుతూ పైకి పోతున్నాయి, బావ ఆయాసం లేకుండా ఎక్కుతున్నాడు, చచ్చిపోయాక ఈయనకు ఎంత తేలికయిందో అనుకుంటూ నేను వెనక ఎక్కుతున్నాను, యశ్మిత చెయ్యి నా చేతిలోంచి జారిపోతుంది. వెనక్కి తిరిగి చూస్తే పిల్ల మెట్టు మీద ఆగి గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

"ఏంటమ్మా, ఆగిపోయావు?"

"సముద్రం చూస్తున్నా తాతయ్యా. బాగుంది కదా."

నాలుగు రోజుల కిందట నేను పిల్లను నిజంగా తీసుకొచ్చినప్పుడు ఇదే మాట అంది, మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ ఇదే మాట. అప్పుడు ఆమె ముందు కిటికీ ఉంది. ఇప్పుడు లేదు. ఉత్త గోడ, దాని మీద చెమ్మ, ఆ చెమ్మ వైపు కళ్ళార్పకుండా చూస్తూ పిల్ల నోటితో గాలి తీసుకుంటోంది, పెదవుల చివర్లు అప్పటిలాగే నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి.

"నీ మనవరాలికి సముద్రమంటే ఇష్టం," అంటాను బావతో.

"నాకు గేదెలంటే ఇష్టమున్నట్టు," అంటాడు బావ.

ఆయన దేని గురించి అంటున్నాడో నాకు తెలుసు. మా సంత దిబ్బ మీద ఉంటుంది, రోడ్డు నుంచి పైకి ఎక్కాలి. పోయే ముందు ఏడాది బావ ఆ ఎత్తు ఎక్కుతూ మూడుచోట్ల ఆగేవాడు, ఆగిన ప్రతిచోటా పక్కనున్న గేదె మూపు తడుముతూ దాన్ని చూస్తున్నట్టు నిలబడేవాడు, కొనే ఉద్దేశం లేని గొడ్లను కూడా. అందరూ నూకరాజు పరీక్షగా చూస్తున్నాడనుకునేవారు. నేను ఆయన డొక్కలు చూశాను. ఒక శనివారం పక్కకు పిలిచి "బావా, దమ్ము..." అనబోయాను. ఆయన నవ్వి, భుజాన ఉన్న తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పి, నా అరచేతి మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

మా సంతలో ధర నోటితో చెప్పుకోరు. తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళతోనే అడగడం, వేళ్ళతోనే పెంచడం, తగ్గించడం. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చెయ్యంతా పట్టుకుంటే ఐదు. బొటనవేలితో అరచేతి నడిమధ్య నొక్కితే బేరం ముగిసినట్టు. ఆ నొక్కు పడ్డాక ఇద్దరిలో ఎవరూ నోరు విప్పరు, తువ్వాలు కింది మాట బయటికి రాదు. నొక్కు పడకముందయితే ఒక దారి ఉంది. అమ్మేవాడు తన గొడ్డు లోపాన్ని తానే నలుగురిలో పైకి చెప్పేస్తే ఆ బేరం అక్కడికక్కడ చెడిపోతుంది. ఆ దారి ఉందని అందరికీ తెలుసు, ఎవడూ పోగా నేను చూడలేదు.

"భవాని నీతో మాట్లాడుతోందా?" అంటాడు బావ. మెట్లు ఎప్పుడు అయిపోయాయో, మేము చెక్కబాట మీద నడుస్తున్నాము. రెండు పక్కలా మడచెట్లు, వేళ్ళన్నీ బురదలోంచి పైకి లేచి నిలబడి ఉన్నాయి, బాట కింద నీళ్ళు కనబడవు గానీ చప్పుడు వినిపిస్తోంది. ఇక్కడికి ఇంకా రాలేదే, రేపు కదా పడవ షికారుకు తీసుకెళ్తానని పిల్లకు మాటిచ్చింది, అనుకుంటాను.

"ఈ ఏడాదే మాట్లాడింది. ఐదేళ్ళు మొహం చూపించలేదు. ఈ వేసవికి ఏమనుకుందో, ఫోన్ చేసి 'మావయ్యా, పిల్లను పది రోజులు పంపిస్తాను, దానికి మన ఊరు తెలియాలి' అంది. చక్రవేణికయితే కాళ్ళు నేల మీద ఆగలేదు, మీ చెల్లెలి సంగతి తెలుసుగా, మామిడితాండ్ర, పూతరేకులు..."

"ఐదేళ్ళు ఎందుకు మాట్లాడలేదు?"

"నీకు తెలీదా?"

"చచ్చినోడికి ఎవడు చెప్తాడ్రా?"

చెప్పడం ఇష్టం లేదు, కానీ నా నోరు చెబుతోంది. "పెద్దకర్మ రోజు అందరి ముందూ అడిగింది. 'మావయ్యా, మా నాన్నకు అట్టా ఉందని నీకు ముందే తెలుసా?' అని. తెలుసన్నాను. 'గొడ్డు దమ్ము చూసి వారం ముందు చెప్పేవాడివి, మా నాన్న దమ్ము ఏడాది చూసి ఒక్కరికి చెప్పలేదా?' అంది. నువ్వు నొక్కావని చెప్పాను. తువ్వాలు కింద నొక్కావని. సంతలో పెరగని పిల్లకు ఏం అర్థమవుద్ది బావా. లేచి వెళ్ళిపోయింది."

"సంతలో పెరిగినోడివి, నీకేం అర్థమైంది?"

"నువ్వే కదా నొక్కావు!"

"నేను నొక్కుతాను. నువ్వు చెయ్యి లాక్కోవాలి," అంటాడు బావ చాలా మామూలుగా, గడ్డిమోపు ఇటు పెట్టు అన్నట్టు. "సరే, అదయిపోయింది. ఇప్పుడు దీని సంగతి చూద్దాం."

యశ్మిత మాకు ముందు నడుస్తోంది. బాట చివర పడవ కట్టి ఉంది, పడవ మీద రంగు కాగితాలు, ఒక్క మనిషి లేడు. చుట్టూ మడచెట్ల నీడల్లో మనుషులు చేరుతున్నారు, సంత మనుషులే, కొందరు ఉన్నవాళ్ళు, కొందరు పోయినవాళ్ళు, అందరి చూపూ పిల్ల డొక్కల మీద ఉంది, ఎవడూ ఏమీ అనడం లేదు, బేరం జరిగేటప్పుడు మూడోవాడు మాట్లాడకూడదు కాబట్టి. బావ భుజం మీది తువ్వాలు తీసి దులిపి చెయ్యి చాపుతాడు. ఆ చెయ్యి ముట్టుకోకూడదని నాకు తెలుసు. ముట్టుకోకపోతే మర్యాద కాదని కూడా తెలుసు. ముప్పై ఏళ్ళ అలవాటు నా కన్నా ముందు కదులుతుంది, నా కుడిచెయ్యి తనంతట తాను తువ్వాలు కిందికి పోతుంది.

చల్లగా ఉంది ఆయన చెయ్యి, తడిమట్టి లాగా. మొదట నా చెయ్యంతా పట్టుకుంటాడు. ఐదు. వదిలి నాలుగు వేళ్ళు పట్టుకుంటాడు. నాలుగు. మొత్తం తొమ్మిది. తొమ్మిదేంటి, వేలా, నెలలా, నాకు అర్థం కాదు, అర్థం కాకపోయినా తక్కువకు ఒప్పుకోకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న బుద్ధి పని చేస్తుంది, నేను ఆయన చెయ్యి రెండుసార్లు పట్టుకుంటాను. పది. ఆయన మళ్ళీ ఐదు, మళ్ళీ నాలుగు. నేను పదకొండు. ఆయన తొమ్మిది. నేను పది దగ్గరకు దిగుతాను, ఆయన ముఖం చూస్తాను, ఎప్పుడూ బేరంలో చూపించినంత శాంతంగా ఉంది. ఐదు. నాలుగు. అప్పుడు నాకు తెలుస్తుంది. తొమ్మిది ఆయన అడగడం లేదు, చెబుతున్నాడు. యశ్మితకు వచ్చే శ్రావణానికి పది నిండుతాయి. ఆయన పదికి రావడం లేదు.

"బావా, ఇది గొడ్డు కాదు," అంటాను. పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు.

"మరి నువ్వెందుకు గొడ్డును చూసినట్టు చూసి ఊరుకున్నావు?" అంటాడు. ఆయన పెదవులు మాత్రం కదలడం లేదు. "రైలు దిగినప్పుడు చూశావు. మెట్ల మీద మూడుసార్లు చూశావు. ఏం అనుకున్నావో చెప్పనా?"

వద్దంటాను. అయినా చెబుతాడు, నా గొంతుతో, నేను లోపల అనుకున్న మాటల్లోనే. ఇప్పుడు భవానికి చెబితే, ఎండలో తిప్పి పిల్లకు జబ్బు చేశావంటుంది. ఐదేళ్ళకు దొరికిన చుట్టరికం మళ్ళీ తెగుతుంది, ఇంక ఈ పిల్ల మా గుమ్మం తొక్కదు. చెప్పకపోతే, ఇంక ఉన్నది మూడు రోజులు. మూడు రోజులు జాగ్రత్తగా నీడపట్టున ఉంచి, నవ్వుతూ రైలెక్కిస్తే, ఏమున్నా హైదరాబాదులో బయటపడుతుంది, అక్కడ పెద్ద డాక్టర్లున్నారు, తల్లీ తండ్రీ చూసుకుంటారు. లోపం నా కొట్టంలో బయటపడకూడదు, తోలుకుపోయినవాడి కొట్టంలో పడాలి. ముప్పై ఏళ్ళు ఎన్ని గొడ్లను ఆ లెక్కన సంత దాటించానో, ఇప్పుడు కూడా అదే లెక్క వేశాను, వేశానని కూడా నాకు తెలియకుండా వేశాను.

యశ్మిత పడవ అంచు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి "తాతయ్యా, మీరు రారా?" అంటుంది. ఏ తాతయ్యనో తెలియదు. బావ బొటనవేలు కదులుతోంది. నా చూపుడువేలి మొదట్లోంచి నెమ్మదిగా అరచేతి మధ్యకు జారుతోంది, తొందర ఏమీ లేదు, బేరం కుదిరిపోతుందని తెలిసినవాడి నెమ్మది అది. నేను చెయ్యి లాగుతాను, రాదు. తువ్వాలు బరువెక్కింది, తడిసిన గోనె లాగా మణికట్టు దాకా చుట్టుకుంది.

ఒక్క దారి ఉంది. నేను అమ్మేవాణ్ణి. నా నోటితో నేనే చెప్పాలి.

నోరు తెరుస్తాను. ఏ గేదె గురించీ ఎప్పుడూ అనని మాట, బావ గురించి అనవలసి ఉండి అనని మాట, నాలిక మీదికి రావడానికి రాయి కదిలినట్టు కదులుతుంది. "పిల్లకు ఆయాసం ఉంది!" అంటాను. గుసగుస కంటే చిన్నగా వస్తుంది. మళ్ళీ అంటాను. "పిల్లకు ఆయాసం ఉంది! మెట్లెక్కలేకపోతోంది! పెదాలు నల్లబడుతున్నాయి! నేను చూశాను, చూసి చెప్పలేదు!" ఈసారి మడచెట్లలో కొంగలు లేచిపోయేంత గట్టిగా వస్తుంది.

బావ బొటనవేలు ఆగుతుంది. తువ్వాలు ఒక్కసారిగా ఉత్త గుడ్డయిపోయి బాట మీద పడుతుంది. నీడల్లో ఉన్నవాళ్ళు, బేరం చెడిన చోట ఎవరూ నిలబడరు కాబట్టి, ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. బావ వంగి తువ్వాలు తీసి భుజాన వేసుకుంటాడు. కోపం లేదు, సంతోషమూ లేదు.

"వచ్చిందిరా మాట. రాదనుకున్నాను."

"పిల్లను దించు బావా."

"దించేది నేను కాదు," అని పడవ వైపు నడుస్తూ ఆగుతాడు. "నీకూ తెలియనిది ఒకటుంది. ఆఖరి రెండు నెలలు నేను పడుకోలేదురా. పడుకుంటే నీళ్ళలో మునిగినట్టుండేది. పడక్కుర్చీలో కూర్చునే తెల్లారేది. ఊరికే, ఇక్కడ గాలి బాగుంది అనేవాణ్ణి."

ఇంకేదో అడగాలి. పిల్ల పడవ ఎక్కిందా, దిగిందా అన్నది ఆయన వీపు అడ్డం వచ్చి కనబడడం లేదు. పక్కకు జరిగి చూడబోతాను, చెక్క కాలి కింద కదులుతుంది.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడున్నర. భోజనం చేసి హాల్లో చాప మీద నడుం వాల్చినవాణ్ణి, బనియను ఒంటికి అతుక్కుపోయింది. కరెంటు లేదు. వంటింట్లో చక్రవేణి రేపటి పడవ షికారుకని జంతికలు వత్తుతోంది.

లేచి లోపలి గదిలోకి చూశాను. మంచం మీద పిల్ల లేదు అనుకున్నాను ఒక్క క్షణం. ఉంది. తలగడ, దాని మీద ఇంకో తలగడ, వాటి పైన మడిచిన దుప్పటి, అన్నీ గోడకు చేర్చి వాటికి జారబడి, కాళ్ళు చాపుకుని, తల ఒక పక్కకు వేలాడేసి నిద్రపోతోంది. కూర్చునే నిద్రపోతోంది.

"ఏమే," అన్నాను వంటింటి గుమ్మంలోకి వెళ్ళి. "పిల్ల అట్టా కూర్చుని పడుకుందేంటి?"

"వచ్చిన రోజు నుంచీ అంతే. నేను పడుకోబెడతాను, కాసేపటికి లేచి అన్నీ అట్టా పేర్చుకుంటుంది. అడిగితే కిటికీలోంచి గాలి వస్తాది అమ్మమ్మా అంటుంది. హైదరాబాదు అలవాట్లు, మనకేం తెలుస్తాయి." నా ముఖం చూసి చేతిలో గొట్టం పక్కన పెట్టింది. "ఏమైందండీ?"

ఆ గదికి కిటికీ వీధి వైపుంది. పిల్ల జారబడింది దానికి ఎదుటి గోడకు, గాలి చేరని చోట.

ఫోన్ తీసుకుని వసారాలోకి వచ్చాను. భవాని రెండో రింగుకే ఎత్తింది. ఆఫీసులో ఉన్నట్టుంది, చుట్టూ మాటలు వినబడుతున్నాయి. గొంతులో నవ్వుంది. "చెప్పు మావయ్యా. బాగా తిప్పుతున్నావంటగా, రోజూ ఫోటోలు పంపుతోంది. ఏం చేస్తోంది మా పిల్ల? బాగుందా?"

బాగుంది అనే మాట నాలిక చివరే ఉంది. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంటుంది అది.

"బాగాలేదమ్మా," అన్నాను. "ముందు చెప్పేది విను. తిట్టేది తరువాత తిడుదువు గానీ."

అంతా చెప్పాను. రైలు, మెట్లు, పెదవులు, తలగడలు పేర్చుకుని కూర్చునే నిద్రపోవడం, నాలుగు రోజులు నేను నోరు మూసుకోవడం. ఇప్పుడే కారు మాట్లాడుకుని ఆసుపత్రికి తీసుకెళ్తున్నానని, నువ్వు రాత్రి బండికి బయల్దేరమని చెప్పాను. అవతల లేచి మాటలకు దూరంగా నడిచినట్టుంది, తలుపు మూసిన చప్పుడయింది. అప్పుడు ఒక్కటే అడిగింది.

"మా నాన్న కూడా ఆఖర్లో ఇట్టాగే కూర్చుని నిద్రపోయేవాడు, తెలుసా మావయ్యా? నేనూ చూశాను, ఎవరికీ చెప్పలేదు."